నాలుగో నెట్టులో చీమలు

“సోమవారం మాయమైన మనిషి కోసం గురువారం వచ్చారు. ఇంకా ఇక్కడ ఏం ఆరా తీస్తారు పెద్దమ్మా?”

ఆ మాట అన్నది కొత్త తనిఖీ ఆఫీసరు. చొక్కా మీద పొరపాటున కూడా ముడత కనబడదు కనుక హమాలీలు అతనికి ఇస్త్రీ ఆఫీసరు అని పేరు పెట్టుకున్నారు. ఒకప్పుడు రెండేళ్ళపాటు ఆమె వెనకే సంచీ మోస్తూ తిరిగి పని నేర్చుకున్నవాడే.

ఆమెను ఆ శరణార్థి శిబిరాల్లో అందరూ ఆరాలమ్మ అంటారు. ఆకలిగొన్నవాళ్ళకు చేరాల్సిన గింజ ఎక్కడ దారి తప్పినా ముప్పై ఏళ్ళపాటు ఆమెనే పంపేవారు. ఉద్యోగం అయిపోయి రెండేళ్ళు కావస్తోంది. ఈసారి ఎవరూ పంపలేదు. తానే బస్సెక్కి వచ్చింది. మాయమైనవాడు ఈ గిడ్డంగిలో గింజలు కొలిచే కొలతల తాతయ్య. అందరికీ తాతయ్యే కాని, ఆమెకు మాత్రం అన్నయ్య. రక్తసంబంధం లేదు, అంతకంటే పాతది.

ఇద్దరూ గిడ్డంగిలో ఎత్తయిన బస్తాల దొంతర ముందు నిలబడి ఉన్నారు, అలాంటి దొంతరని అక్కడ నెట్టు అంటారు. గోడ మీద గడియారం రెండూ పది చూపిస్తోంది.

“నేను ముసలిదాన్ని నాయనా. మొదటినుంచీ, మెల్లిగా చెప్పు” అంది ఆమె.

“మెల్లిగా చెప్పడానికేముంది? సోమవారం మూడు గంటలకి ఈ నాలుగో నెట్టుకి ముక్కుపురుగు పట్టిందని మీ తాతయ్య కాగితం రాశాడు. నాలుగింటికి పురుగుల మందు వేశారు. పైన పట్టా కప్పారు, అంచుల మీద ఇసుక సంచులు పెట్టారు, బోర్డు తగిలించారు. అయిదింటికి ఆయన భుజాన సంచీతో ఇక్కడే నిలబడి ఉండగా కాపలావాడు చూశాడు. అయిదున్నరకి తాళం పడింది. అంతే. ఆ తర్వాత ఆయన్ని చూసిన కన్ను లేదు. మంగళవారం తొమ్మిదింటికి నేనొచ్చి తాళం మార్పించాను.”

“ఏమైపోయాడంటావ్?”

“పారిపోయాడు.” ఇస్త్రీ ఆఫీసరు నెట్టు వైపు చూపుడువేలు చూపించాడు. “ఇది బోలు నెట్టు పెద్దమ్మా. చుట్టూ గోడ కట్టినట్టు బస్తాలు పేర్చి, నడుమవి అమ్మేసుకున్నాడు. మందు బోర్డు ఉంటే ఏడు రోజులు ఎవడూ దగ్గరికి రాడు, లెక్కపెట్టడు. ఏడు రోజుల్లో మనిషి ఎంత దూరమైనా పోవచ్చు.”

ఆమె మనసులో కూడి చూసుకుంది. లెక్క సరిగ్గా ఉంది. ఉండదా మరి, తాను నేర్పిన లెక్కే!

ఆ గిడ్డంగిలో ఉన్నవి జొన్న బస్తాలు. యుద్ధానికి భయపడి నది దాటి వచ్చినవాళ్ళూ, నదికి ఈ ఒడ్డున కరువుకి పొలాలు బీడు పెట్టుకున్నవాళ్ళూ, ఇద్దరూ తినేది ఈ గింజలే. వాటిని నలభై ఏళ్ళుగా ఒక చేత్తో కొలిచి పోసిన మనిషి దొంగ అని ఒక్కసారి కాగితం మీదకి ఎక్కితే, ఇక ఆ పేరు కడగడానికి నది నీళ్ళు చాలవు.

ఆరాలమ్మ తల పైకెత్తి, పెదాలు కదుపుతూ నెట్టు వరసలు లెక్కపెట్టింది. పట్టా మీద బస్తాల గుర్తులు అచ్చుపడినట్టు తెలుస్తూనే ఉన్నాయి. పక్క నెట్టు, దాని పక్క నెట్టు కూడా లెక్కపెట్టింది.

“మిగతా నెట్లు పదహారేసి వరసలు. ఇది పద్దెనిమిది. ఇదేం చోద్యం నాయనా? దొంగ పడిన ఇల్లు బోసిపోతుంది కాని మేడ లేస్తుందా?”

“కళ్ళకి గంతలు కట్టడానికి. నడుమవి తీసి పైకెక్కించాడు.”

“పైకెక్కించాడు సరే. మరి అమ్మినవేవి?”

ఇస్త్రీ ఆఫీసరు జేబులోని పెన్ను సర్దుకున్నాడు. సమాధానం దొరకనప్పుడు అతనికి ఆ అలవాటు పాతదే. “అది పట్టా తీసినప్పుడు తేలుతుంది. ఇప్పుడు మాత్రం తీయను. దీన్నుంచి పక్కనున్న మూడో నెట్టుకి నిన్న పురుగు పాకింది. అంటే సోమవారం వేసిన మందు పనిచేయలేదన్నమాట. రెండూ నలభైకి మావాళ్ళు నాలుగో నెట్టుకి మళ్ళీ మందు పెడతారు. ఆ మూల పట్టా అంచు వదులుగా ఉంది. దానికి అడ్డంగా ఇరవై బస్తాలు కూడా వేయిస్తున్నాను.”

“సాయంత్రం దాకా ఆగు.”

“రూలంటే రూలే పెద్దమ్మా. అది కూడా మీరు నేర్పిందే.”

“నేను నేర్పినవాటిలో నీకు పనికొచ్చింది అదొక్కటేనా?”

అతను నవ్వలేదు. తలుపు వైపు దారి చూపించాడు. ఆమె కదల్లేదు. నెట్టుకి తగిలించిన బోర్డు చదువుతోంది. ‘మందు వేశాము. దగ్గరికి రావద్దు. ప్రాణాపాయం.’ అదే ఎరుపు, అవే మాటలు. ఆరేళ్ళ వయసులో కూడబలుక్కుని చదివిన మొదటి మాటలు అవే. ఏ బడిలోనూ నేర్చుకోలేదు. గోనె సంచుల మీద అచ్చులూ, ఇలాంటి బోర్డులూ ఆమె వాచకాలు. ‘బోలు’ అన్న మాట ఇందాకటినుంచీ లోపలెక్కడో గీరుతోంది, చరణం గుర్తురాని పాటలా.

చెప్పు పట్టీ సర్దుకోవడానికి వంగింది. అప్పుడు కనబడ్డాయి చీమలు.

ఇసుక సంచుల మధ్య సందులోంచి ఒక వరస లోపలికి, ఒక వరస బయటికి, పని ఉన్నవాళ్ళలా నడుస్తున్నాయి. ఒక్కటి కూడా చావలేదు. మూడు రోజులుగా మనిషి ప్రాణం తీసే మందు ఉన్నదన్న పట్టా కిందనుంచి! బయటికి వస్తున్న వరస నోట ఏదో పచ్చగా ఉంది. ఈ గిడ్డంగిలోవి తెల్లజొన్నలు, పచ్చగా ఉండవు.

ఆమె కళ్ళజోడు పెట్టె తెరిచి ఒక చీమను బరువుతో సహా అందులోకి ఎక్కించుకుని, మూత వేసి, నడుం పట్టుకుంటూ లేచింది.

“ఏంటి పెద్దమ్మా?”

“నడుం నాయనా. నీకూ వస్తుంది, తొందరపడకు.”

*

తాతయ్య ఇల్లు గిడ్డంగి వెనకే, వరస గదుల్లో చివరిది. రెండూ ఇరవై అయిదుకి ఆమె వెళ్ళేసరికి తాతయ్య కూతురు గుమ్మంలో కూర్చుని చిరిగిన గోనెకు కుట్టు వేస్తోంది. దబ్బనం ఆగలేదు.

“వచ్చావా అత్తా? మీ అన్న దొంగట. విన్నావా?”

“విన్నాను. ఏడ్చావా?”

“ఏడిస్తే కుట్టు వంకరపోతుంది.” అప్పుడు దబ్బనం ఆగింది. “పొద్దున్న కుళాయి దగ్గర ఒకావిడ అంటుందీ, తాతయ్య లారీ కొనుక్కున్నాడట, నిజమేనా అని. సైకిల్ ట్యూబుకి పదిహేడు అతుకులు వేయించిన మనిషి లారీ కొంటాడా?”

“సోమవారం ఇంట్లోంచి ఏం పట్టుకెళ్ళాడు?”

“ఆ ఇస్త్రీ అబ్బాయి కూడా ఇదే అడిగాడు. బట్టలు పట్టుకెళ్ళాడా, ట్రంకుపెట్టె పట్టుకెళ్ళాడా అని. ఏం లేదు అన్నాను. నిజంగానే ఏం లేదు. నీళ్ళ డబ్బా ఒకటి. బిస్కెట్ పొట్లాలు నాలుగు.”

“ఏ బిస్కెట్లు?”

“క్యాంపు పిల్లలకిస్తారే, పచ్చవి, మందులా ఉంటాయి. నా మనవరాలికొచ్చినవి దాచాను. అడక్కుండా తీసుకెళ్ళాడు. నాన్నకి ఆ బిస్కెట్ నోట్లో పెడితే వాంతి.”

ఆరాలమ్మ కళ్ళజోడు పెట్టె మెల్లిగా తెరిచింది. చీమ మూలకి పరుగెత్తింది. అది వదిలేసిన బరువు పెట్టె అడుగున పడి ఉంది. పచ్చటి బిస్కెట్ పొడి.

“ఇంకా?”

“ఇంకా అంటే...” కూతురు వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది. అక్కడ రెండు మేకులున్నాయి. ఒకదానికి కొలత డబ్బా వేలాడుతోంది. రెండోది ఖాళీ. “పాత డబ్బా. సొట్టది. దాంతో ఇప్పుడు కొలవరు కూడాను. ఎందుకు నాన్నా ఆ తుప్పు అంటే, ‘అది కొలవడానికి కాదే, పిలవడానికి’ అంటాడు. ముసలితనం.”

ఆరాలమ్మ గోడకి ఆనుకుంది.

ఇక చరణం గుర్తురాక చస్తుందా! ఒక్కసారిగా మొత్తం పాటే వచ్చి మీద పడింది. నాలుగు వైపులా బస్తాల గోడలు. గోనె సందుల్లోంచి రాగిరంగు వెలుతురు. జనపనార వాసన. అమ్మ తొడ మీద తల. ‘ఇదే మన ఇల్లు. ఎంత బావుందో చూడు, కిటికీలు కూడా లేవు’ అని అమ్మ నవ్వడం. ఇరవై ఏళ్ళ హమాలీ అన్నయ్య సొట్ట డబ్బా మీద వేలితో కొట్టి నేర్పడం. ఒక్క దెబ్బ అంటే కదలకు. మూడు దెబ్బలు అంటే బయటికి రా. ‘ఇంకోటి గుర్తుపెట్టుకో బుజ్జీ. బయట బోర్డు ఉత్తుత్తిదే. కాని ఎప్పుడైనా వెల్లుల్లి వాసన వచ్చిందంటే నిజంగా మందు పెట్టారన్నమాట. వెనక్కి చూడకుండా పరుగెత్తు.’

నాలుగో రోజు వాసన వచ్చింది. అమ్మ నీళ్ళకని వెళ్ళి ఉంది. ఆరేళ్ళ పిల్ల వెనక్కి చూడకుండా పరుగెత్తింది. గేటు దగ్గర ఎవరో పట్టుకుని అడిగారు, ‘నీ వెంట ఎవరైనా ఉన్నారా?’ అని. అప్పుడు తిరిగి చూసింది. ఎవరూ లేరు. ‘లేరు’ అంది. చేతిలో కార్డు పెట్టారు, పళ్ళెంలో తిండి పెట్టారు. సాయంత్రానికి అమ్మ కోసం వెతికితే, ఆరు గంటల లారీలో వెనక్కి పంపేశారన్నారు. అంతే.

నేను పరుగెత్తకుండా ఉంటే? యాభై నాలుగేళ్ళుగా ఆమె తనను తాను అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. ఆమె వంటింట్లో ఈనాటికీ వెల్లుల్లి ఉండదు. అన్నయ్యా తానూ ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తుకోలేదు. ఊరందరి గుట్టూ విప్పిన మనిషి తన గుట్టు జోలికి పోలేదు.

“అత్తా! మొహం అలా పాలిపోయిందేంటి? నీళ్ళు తెమ్మంటావా?”

“మందు పెట్టేవాడెక్కడ?”

“అదిగో, కానుగ చెట్టు కింద. పొద్దుటినుంచీ మా గుమ్మం చుట్టూ తిరుగుతున్నాడు, లోపలికి రాడు. మందాయన అంటే తాగుబోతు అనుకుని మా మనవరాలు భయపడుతోంది.”

*

రెండూ నలభై అయిదు. పురుగుల మందు మనిషి ఆమెను చూడగానే లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. నలభై ఏళ్ళవాడు, చేతికి రాగి కడియం.

“సోమవారం నాలుగో నెట్టుకి మందు నువ్వే పెట్టావా బాబూ?”

“నేనేనమ్మా. నాలుగింటికి. ముప్పై బిళ్ళలు. కాగితంలో రాసే ఉంది.”

“ఈ చేత్తోనే?”

“ఈ చేత్తోనే.”

“కడియం తీశావా?”

“ఇది ఊడదమ్మా. చిన్నప్పుడు మా అవ్వ వేసింది.”

“మీ మేస్త్రీలతో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఆ బిళ్ళల గాలి తగిలితే రాగి నల్లబడుతుంది. గిడ్డంగుల్లో కరెంటు తీగలు కూడా నల్లబడతాయి. నీ కడియం చూడు, పెళ్ళికూతురి చెంబులా మెరుస్తోంది.”

మందు మనిషి గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే అయింది.

“నేను నిన్ను పట్టించడానికి రాలేదురా” అంది ఆరాలమ్మ. “లోపల ఎంతమంది?”

అతను నీళ్ళు నమిలాడు. తర్వాత కళ్ళల్లోంచే నీళ్ళు వచ్చాయి. “ఒకామె అమ్మా. ఆరేళ్ళ పిల్ల. చంకలో పసిది. పేర్ల పుస్తకం పది రోజుల కిందటే మూసేశారు కదా. కొత్తగా నది దాటినవాళ్ళని ఆరు గంటల లారీలో వెనక్కి తోలేస్తున్నారు. ఒంటరి పిల్లలైతేనే ఉంచుతున్నారు.”

“ఆ రూలు నాకు తెలుసు. నాకు కార్డు ఇచ్చిందీ అదే. ఆ తర్వాత?”

“పుస్తకం మళ్ళీ తెరుస్తారట, వారం దాచితే చాలు అన్నాడు తాతయ్య. ఉత్త బోర్డు పెట్టు, మందు పెట్టకు అన్నాడు. రోజూ రాత్రి తిండి నేను అందించాలని మాట. మంగళవారం తాళం మారిపోయింది. రాత్రి కాపలా కూడా పెట్టారు. తాతయ్య కూడా కనబడలేదు. పారిపోయాడని ఆఫీసరే అంటుంటే... నాకు నోరు పడిపోయింది. పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి.”

“అన్నయ్య పారిపోలేదు. లోపలే ఉన్నాడు. పిలిచే డబ్బా పట్టుకుని లోపలికెళ్ళాడు.” ఆమె గబగబా నడుస్తోంది. “మీ బిళ్ళలు పెట్టాక గాలి లేవడానికి ఎంతసేపు పడుతుంది?”

“ఈ ఎండాకాలపు పొడి గాలికి గంటన్నర. గంట లోపల వాసన కూడా రాదు. ఏం?”

“రెండూ నలభైకి పెట్టించేశాడు మీ ఆఫీసరు.”

*

మూడు గంటలకి ఆమె గిడ్డంగి తలుపు తోసింది. వెనకాల మందు మనిషి, వాడి వెనకాల తాతయ్య కూతురు, ఆమె చేతిలో ఇంకా దబ్బనం. ఎందుకైనా మంచిదని ఆరాలమ్మ గోడ మీది రెండో కొలత డబ్బా తీసుకొచ్చింది.

ఇస్త్రీ ఆఫీసరు అడ్డం వచ్చాడు. అతని వెనక, నాలుగో నెట్టు మూలకి ఇరవై బస్తాలూ పడి ఉన్నాయి. పనివాళ్ళు అప్పుడే వెళ్ళిపోయారు.

“మందు పెట్టిన గిడ్డంగిలోకి రాకూడదు.”

“పట్టా తీయించు.”

“పెద్దమ్మా, మీ మీద గౌరవం ఉంది కాని...”

“గౌరవం ఇంట్లో పెట్టుకో. లోపల నలుగురు మనుషులున్నారు.”

“ఎవరు చెప్పారు? మీ అన్నని కాపాడుకోవడానికి మీరు ఏదైనా చెబుతారు. రెండేళ్ళు మీతో తిరిగాను, ఋజువు లేకుండా నోరు విప్పొద్దన్నది మీరే. ఋజువు చూపించండి.”

ఆమె కొలత డబ్బా ఎడమచేత పట్టుకుని, కుడిచేతి వేలిముడితో కొట్టింది. టక్. టక్. టక్.

గిడ్డంగిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఇస్త్రీ ఆఫీసరు పెన్ను సర్దుకున్నాడు.

నెట్టు కడుపులోంచి, ఎక్కడో లోతునుంచి, సొట్ట రేకు మోత. టక్. టక్. మధ్యలో ఆగింది. టక్.

ఆఫీసరు నెట్టు వైపు ఒక అడుగు వేశాడు. “అంటే... నేను...” అన్నాడు. ఆ మాట పూర్తికాలేదు. ఆ వెంటనే వచ్చింది వాసన.

వెల్లుల్లి.

ఆరాలమ్మ కాళ్ళు ఆమె మాట వినలేదు. అరవై ఏళ్ళ ఆ కాళ్ళు ఆరేళ్ళ కాళ్ళై తలుపు వైపు రెండడుగులు వేశాయి. వెనక్కి చూడకుండా పరుగెత్తు. మూడో అడుగు పడబోతుండగా ఆమె గడియారం చూసింది. అది ముప్పై ఏళ్ళ అలవాటు. భయపడినప్పుడు టైము చూడాలి.

మూడూ అయిదు.

“ఇరవై అయిదు నిమిషాలే” అంది పైకి. “గంట లోపల రాదన్నావ్ కదరా?”

“రాదమ్మా! నా అనుభవంలో ఎప్పుడూ రాలేదు!” అని అరుస్తూనే మందు మనిషి చేతులకి తొడుగులు వేసుకుని, పట్టా రెండో వైపు పైకెత్తి, బిళ్ళల పళ్ళేలు ఒక్కొక్కటే బయటికి లాగి వెనక తలుపు గుండా పెరట్లోకి పరుగెత్తాడు. “పొడిగానే ఉన్నాయమ్మా! ఒక్కటి కూడా విచ్చుకోలేదు!”

విచ్చుకోకపోతే ఈ వాసనెక్కడిది?

ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఆమె మూల బస్తా మీద చెయ్యి వేసింది. తాతయ్య కూతురు ఇంకో చివర పట్టుకుంది. బస్తా కదల్లేదు. ఇస్త్రీ ఆఫీసరు వచ్చి, చొక్కా చేతులు మడవకుండానే, బస్తాని ఛాతీకి కరుచుకుని పక్కకి విసిరాడు. ఇంకోటి. ఇంకోటి. తొమ్మిదో బస్తా దాకా అతని చొక్కా తెల్లగానే ఉంది. ఆ తర్వాత అది చొక్కాలా లేదు.

సందు దొరికిన మరుక్షణం పట్టా కిందనుంచి ఒక పిల్ల బాణంలా దూసుకొచ్చింది. ఎవర్నీ చూడలేదు. నేరుగా వచ్చి ఆరాలమ్మ మోకాళ్ళకి గుద్దుకుంది.

“వదులు! వెనక్కి చూడకూడదు! తాతయ్య చెప్పాడు!”

“నేనున్నాను, ఆగు తల్లీ.”

“వాసనొచ్చింది! వదులు!”

ఆరాలమ్మ ఆ పిల్లను ఎత్తుకుని గుండెకి అదుముకుంది. అప్పుడు వాసన ఇంకా గుప్పుమంది. పట్టా దగ్గర కంటే ఎక్కువగా. పిల్ల గౌను మెడ దగ్గర తడి మరక ఉంది. ఎవరో చేత్తో రుద్దినట్టు.

అప్పటికీ ఇంకా పూర్తిగా అర్థం చేసుకోవడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు.

తర్వాత పసిబిడ్డతో తల్లి వచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు. పెదాలు ఎండి పగిలాయి. చివరికి మోచేతుల మీద పాక్కుంటూ కొలతల తాతయ్య వచ్చాడు. మూడు రోజుల గడ్డం, జుట్టులో జనపనార పీచు. కూతురు దబ్బనం పారేసి తండ్రి తల ఒళ్ళో పెట్టుకుంది.

“నాలుగు పొట్లాలు పట్టుకుపోతే చెప్పి పట్టుకుపోవాలి” అంది కూతురు, ఏడుస్తూ.

“చెబితే కుట్టు వంకరపోతుందే” అన్నాడు తాతయ్య. ఆ గొంతు విని ఆరాలమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ఇస్త్రీ ఆఫీసరు బస్తా మీద కూలబడి ఉన్నాడు. “ఎందుకు అరవలేదు తాతయ్యా? మంగళవారమే తాళం మార్చాను. ఒక్క కేక వేస్తే తీసేవాణ్ణి కదా?”

“తీసి ఏం చేసేవాడివి నాయనా? ఆరు గంటల లారీ ఎక్కించేవాడివి.” తాతయ్య ఊపిరి తీసుకున్నాడు. “మీవాళ్ళు ఇందాక వస్తే ఇసుక సంచులు సర్దుతున్నారనుకున్నాను. మందని తెలిస్తే అరిచేవాణ్ణే.”

“నువ్వు లోపలెందుకున్నావ్ అన్నయ్యా?” అడిగింది ఆరాలమ్మ. విచారణ గొంతుతోనే అడిగింది. “వాళ్ళని దాచి నువ్వు బయట ఉండచ్చు కదా. అప్పుడు నిన్ను దొంగ అనేవాళ్ళు కాదు.”

తాతయ్య ఆ తల్లి వైపు చూశాడు. “సోమవారం సాయంత్రం ఈ పిల్లకి నీకు చెప్పినట్టే చెప్పాను. వెల్లుల్లి వాసన వస్తే పరుగెత్తు అని. అది వింటూ ఈ అమ్మాయి మొహం ఒకలా పెట్టింది. ఆ మొహం నేనొకసారి చూశాను బుజ్జీ. అప్పుడు నేను కుర్రాణ్ణి. నాకు అర్థం కాలేదు. అందుకని ఈసారి కదల్లేదు. ఈ అమ్మాయి పక్కనే కూర్చున్నాను, మూడు రోజులూ. ఇందాక నీ డబ్బా మోత వినగానే ఈ అమ్మాయి దొరికిపోయామనుకుంది. జవాబు కొడుతూ ఒక్క క్షణం అటు తిరిగాను.”

ఆ తల్లి కుడిచేతి పిడికిలి ఇంకా బిగించే ఉంది. ఆరాలమ్మ పిల్లను దించి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క వేలూ విప్పింది. ఎవరి చెయ్యి విప్పుతోందో ఆమెకే తెలియదు.

లోపల నలిగిన వెల్లుల్లి రెబ్బ.

“ఒంటరిగా దొరికితే ఉంచుకుంటారట కదమ్మా” అంది ఆ తల్లి. “అదొక్కటైనా తింటుందని.”

“మీ అమ్మ నీళ్ళకి వెళ్ళలేదు బుజ్జీ” అన్నాడు తాతయ్య. “నెట్టు వెనకే నిలబడింది. నువ్వు గేటు దాకా పరుగెత్తడం చూసింది. కార్డు చేతిలో పడేదాకా చూసింది. తర్వాత తనే వెళ్ళి లారీ ఎక్కిందని గేటు దగ్గరివాళ్ళు నాకు చెప్పారు. పట్టాకి వెల్లుల్లి పూసి ఉందని రాత్రి చెయ్యి పెట్టి చూస్తే తెలిసింది నాకు. నీకెలా చెప్పను? అమ్మ వదిలేసిందంటే ఏడుస్తావనుకున్నాను. నువ్వేమో నీ తప్పనుకున్నావ్, ఇప్పుడు నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఇన్నాళ్ళూ అది నాకు తెలియలేదే.”

ఆరాలమ్మ ఆ రెబ్బను తన అరచేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. యాభై నాలుగేళ్ళుగా తాను తప్పించుకు తిరుగుతున్న వాసన. అమ్మ చేతి వాసన.

ఇస్త్రీ ఆఫీసరు లేచి నిలబడ్డాడు. జేబులోంచి పెన్నూ, మడత పెట్టిన కాగితమూ తీశాడు. కొత్తగా దొరికినవాళ్ళని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది అడగకుండా ఉండటం అతనికి రాదు.

“ఈ పిల్ల వెంట... ఎవరైనా ఉన్నారా?”

తల్లి పిల్ల వైపు చూసి తల అడ్డంగా ఊపింది. పిల్ల నోరు తెరిచింది.

“ఉన్నారు” అంది ఆరాలమ్మ. గిడ్డంగి దద్దరిల్లింది. “తల్లి ఉంది. చెల్లెలుంది. ముగ్గురు. విడదీయకుండా రాసుకో.”

“రాస్తే ముగ్గుర్నీ లారీ ఎక్కించాలి పెద్దమ్మా.”

“ఆరింటిదాకా టైముంది. పైవాళ్ళతో నేను మాట్లాడతాను.”

బయట హారన్ మోగింది. పొడుగ్గా, రెండుసార్లు. కాపలావాడు గేటు తీస్తున్న చప్పుడు. గోడ గడియారం మూడూ ఇరవై. మందు మనిషి కిటికీలోంచి తొంగిచూసి వచ్చాడు. ఈ రోజు లారీ ముందే వచ్చింది. దాని వెనకనుంచి, కొత్తగా నది దాటినవాళ్ళని వెతికే బూట్లవాళ్ళు ఇద్దరు దిగి గిడ్డంగుల తలుపులు ఒక్కొక్కటే తెరిపిస్తున్నారు.

పిల్ల పరుగెత్తలేదు. తల్లి కొంగు పట్టుకుంది.

ఇస్త్రీ ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగో నెట్టు దగ్గరికి నడిచి, దానికున్న బోర్డు ఊడదీశాడు. తలుపు దాకా వెళ్ళి, ఒక రెక్క కొంచెం తెరిచి, చెయ్యి బయటికి చాచి, బయటి కొక్కేనికి దాన్ని తగిలించాడు. ఎర్ర అక్షరాలు వీధి వైపు ఉండేలా చూసుకున్నాడు. తర్వాత తలుపు మూసి, లోపలినుంచి గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

“మందు పెట్టిన గిడ్డంగి ఏడు రోజులదాకా తెరవకూడదు” అన్నాడు మెల్లిగా. “రూలంటే రూలే.”

బూట్ల చప్పుడు తలుపు అవతల ఆగింది.